పగయు న్యాయమును

నేరము చేసినవానికి శిక్ష కలుగవలెనని కోరని మనుష్యుడు లోకమున లేడు. ఆ శిక్షను విధింపవలసిన ప్రభుత్వమే తన ధర్మమును విడిచినప్పుడు ఆ కోరిక ఏ దారి పట్టును? ఈ ప్రశ్నను ధర్మశాస్త్రజ్ఞులు చిరకాలమునుండి విచారించుచునే యున్నారు. దక్షిణ అమెరికా ఖండమునందలి అర్జెంటీనా దేశస్థులు దానిని వెండితెఱపై నిలిపి తమ్ము దామే ప్రశ్నించుకొనిరి. ఆ ప్రశ్న వారికెంత అవసరమో మనకును అంత అవసరమని తలంచి, నేడీ విషయమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

2009లో వెలువడిన ఆ చలనచిత్రమునకు స్పానిషు భాషలో ‘ఎల్ సెక్రెతో దే సుస్ ఓహోస్’ అని పేరు. ‘కన్నులలోని రహస్యము’ అని మనము చెప్పుకొనవచ్చును. దర్శకుడు హువాన్ హోసే కాంపనెల్లా. మూలము ఎదువార్దో సాచెరి వ్రాసిన నవల. నవలాకారుడును దర్శకుడును కలసి చిత్రకథను కూర్చిరి. 2010లో విదేశభాషా చిత్రములలో ఉత్తమమైనదిగా దీనికి ఆస్కారు బహుమానము లభించెను. అంతకు మునుపు ఆ గౌరవమందిన అర్జెంటీనా చిత్రము 1985 నాటి ‘లా ఇస్తోరియా ఓఫిసియాల్’ ఒక్కటియే. స్వదేశమున ఇరువది లక్షలకు మించిన జనులు నాటకశాలలకు పోయి దీనిని చూచిరి.

ఇది పగ తీర్చుకొనిన వాని కథయని లోకము చెప్పుకొనుచున్నది. మేమును అట్లే తలంచి చూడబోతిమి. చూచి వచ్చిన పిమ్మట మా అభిప్రాయము మాఱినది. న్యాయస్థానపు తలుపులు మూతపడిన దేశమున పగ యెట్లు పుట్టునో, పుట్టి యెవరెవరిని మ్రింగునో చూపిన కథ యిది. అంతమును చెప్పక దీనిని చర్చించుట సాధ్యము కాదు. ఇంకను చూడనివారు మమ్ము మన్నింతురు గాక.

కథ 1974లో బ్యూనస్ ఐరీస్ నగరమున మొదలగును. లిలియానా కొలోతో అను నవవధువు, బడిపంతులమ్మ, తన యింటనే మానభంగము గావింపబడి హతురాలగును. నాటి అర్జెంటీనా పద్ధతిలో నేరపరిశోధనమును పోలీసువారే ముగింపరు. న్యాయాధికారి కార్యాలయమే నడిపించును. ఆ కార్యాలయమున ఉద్యోగియైన బెన్హమీన్ ఎస్పోసితో ఈ కేసును చేపట్టును. 1999లో, ఉద్యోగవిరమణానంతరము, మనసును వదలని ఆ సంగతినే అతడు నవలగా వ్రాయ బూనును. మనము చూచునది ఆ రెండు కాలముల కథ.

హతురాలి భర్త రికార్దో మొరాలెస్ ఒక బ్యాంకి గుమాస్తా. హంతకుడెన్నడైన రైలు దిగకపోవునా యని, పని ముగియగనే దినమున కొక రైలుస్టేషనున కూర్చుండి వచ్చిపోవువారి ముఖములను పరికించుచు నతడు ఏడాది గడపెను. అతని ప్రేమకు చలించియే ఎస్పోసితో మూతపడిన కేసును మఱల తెఱపించెను. పాత ఛాయాపటములలో ఒక యువకుడు ప్రతిదానియందును లిలియానావైపే చూచుచుండుట ఎస్పోసితో కనిపెట్టును. ఆ చూపే ఆనవాలు. వాడు ఇసిదోరో గోమెస్. వాని యుత్తరములలోని పేర్లన్నియు రేసింగ్ అను ఫుట్‌బాలు జట్టు ఆటగాండ్రవని ఎస్పోసితో మిత్రుడు సాందొవాల్ గుర్తెఱిగించును. ఇల్లు మార్చినవాడు, ఊరు మార్చినవాడు, తనకు ప్రాణమైన వ్యసనమును మాత్రము మార్చుకొనలేడని వీని యూహ. ఆ యూహ నిజమై హంతకుడు ఆటస్థలములో పట్టుపడును. యావజ్జీవ కారాగారశిక్ష పడును. కథ యిచ్చటనే ముగిసినచో అది సామాన్యమైన అపరాధపరిశోధక కథ యగును. మేమీ వ్యాసము వ్రాయవలసిన పని లేకపోవును.

కాని గోమెస్ చెఱసాలలో నిలువలేదు. ప్రభుత్వమున పలుకుబడిగల రొమానో అను ఉద్యోగి వానిని విడిపించి, రాజకీయ ప్రత్యర్థులను వేటాడు పనికి కుదుర్చుకొనెను. నిన్నటి ముద్దాయి నేడు అధ్యక్షురాలి అంగరక్షకుడై టెలివిజనులో కనబడెను. తన్ను పట్టించినవారితో ఒకే లిఫ్టులో నిలిచి, మాటాడక, పిస్తోలు తీసి గుండ్లు ఎక్కించుకొని చూపెను. పిమ్మట సాందొవాల్ హతుడయ్యెను. ఎస్పోసితో రాజధాని విడిచి ఉత్తరమున హుహుయ్ రాష్ట్రమునకు పాఱిపోవలసి వచ్చెను. ఇరువదియేండ్లు దాటిన పిమ్మట, పల్లెపట్టున ఒంటరిగా నివసించుచున్న మొరాలెస్‌ను కలిసికొనగా, గోమెస్‌ను ఎన్నడో చంపితినని మొరాలెస్ చెప్పును. ఎస్పోసితో మనసు ఆ మాటను నమ్మదు. తిరిగివచ్చి, పొంచి చూచును. మొరాలెస్ తన యింటి ఆవరణలో స్వయముగా నొక చెఱను కట్టి, గోమెస్‌ను అన్నినాళ్లును అందుంచి, కూడు పెట్టుచు, పెదవి విప్పి ఒక్క మాటయు పలుకక బ్రతికించుచుండెను. ఖైదీ కోరినది విడుదల కాదు. తనతో మాటాడుమని యైన అతనితో చెప్పుమని వచ్చినవానిని వేడుకొనెను. యావజ్జీవశిక్ష యని తమరే చెప్పియుంటిరి గదా యని మొరాలెస్ ఎస్పోసితోకు జ్ఞాపకము చేసెను.

ఈ ఘట్టమున మా చుట్టునున్నవారు నిట్టూర్చిరి. కొందఱు “బాగు, బాగు” అనిరి. మాకును ఆ క్షణమున అట్లే తోచినదని దాచక ఒప్పుకొనుచున్నాము. కాని తోచినదెల్ల తీర్పు కాజాలదు. ఇంటికి వచ్చి కథను మొదటినుండి మఱల నెమరు వేసికొనగా, మా మనస్సును పట్టుకొనినది కడపటి చెఱ కాదు, మొదటి చెఱ.

పాఠకులు ఆ మొదటి చెఱను మఱచియుందురు. చిత్రమును చూచినవారిలో పెక్కురు మఱచిరి. హత్య జరిగిన కొలదిదినములకే రొమానో ఇద్దరు కూలీలను పట్టి తెప్పించి, చావమోది, నేరము మేమే చేసితిమని వారిచేత ఒప్పించెను. వారు నిరపరాధులు. ఎస్పోసితో ఠాణాకు పోయి వారి దేహముల మీది దెబ్బలు చూచి, మండిపడి, రొమానోపై కలియబడెను గనుక వారు బయటపడిరి. ఆ యుద్యోగి ఆ దినమున ఏమఱియున్నచో? ఆ సాయంకాలమే ఒక గుంపు ఠాణా ముట్టడించి ఆ యిరువురను తమ చేతికిమ్మని అడిగియున్నచో? ఒప్పుదల కాగితము సిద్ధముగా నున్నది. నగరము కోపమున నున్నది. హతురాలి ముఖము అందఱి కన్నులయెదుట నున్నది. జనులు ఆ కూలీలను చంపి, న్యాయము జరిగినదని యిండ్లకు పోయి నిద్రించియుందురు. గోమెస్ మఱియొక ఊరిలో ఫుట్‌బాలు చూచుచుండును.

విచారణ యనునది జాగు చేయుటకై వకీళ్లు కల్పించిన తంతు కాదు. పట్టుబడినవాడును చేసినవాడును ఒక్కడేనా యని తెలిసికొనుటకు మనుష్యజాతి కనిపెట్టిన యుపాయము అదియే. పగకు ఆ ప్రశ్నతో పనిలేదు. పగకు వలసినది ఒక దేహము. ఆ దేహము సరియైనవానిదగుట కేవలము అదృష్టము. ఈ కథలో మొరాలెస్‌కు సరియైనవాడే దొరకెను. అది గూడ న్యాయాధికారి కార్యాలయము శ్రమపడి ముందుగా తేల్చినందువలననే. పగ తీర్చుకొనిన మొరాలెస్ సైతము కోర్టు తీర్పును అరువు తెచ్చుకొనక తప్పలేదు.

నీతిమంతులైన పరిశోధకులను సైతము ఈ చిత్రము కడిగి చూపలేదు. ఎస్పోసితోయు సాందొవాలును వారెంటు లేక గోమెస్ తల్లియింట జొచ్చి యుత్తరములు తెచ్చిరి. వారి పై యధికారిణి ఇరేనె, ముద్దాయి పౌరుషమును ఎత్తిపొడిచి, రెచ్చగొట్టి, వాని నోట నేరమును చెప్పించెను. ఫలము మంచిదే కావచ్చును. వృత్తిరీత్యా మాకు మాత్రము ఆ మార్గము రుచింపలేదు. ఉద్దేశము మంచిదని నేడు దాటిన గీతను, ఉద్దేశము చెడ్డదైన రొమానో రేపు దాటును. అతడు దాటెను గూడ.

ఇక, గోమెస్‌ను విడిపించినది కథకుని కల్పనయే యైనను, అట్టివారిని పెంచిన కాలము కల్పన కాదు. 1974 జూలై 1వ తేదీన అధ్యక్షుడు పెరోన్ మరణింపగా ఆయన భార్య ఇసాబెల్ అధ్యక్షురాలయ్యెను. ఆమె మంత్రి హోసే లోపెస్ రేగా ప్రాపున ‘త్రిపుల్ ఏ’ యను హంతకదళము చెలరేగి వందలకొలది జనులను పొట్టన బెట్టుకొనెను. 1976 మార్చి 24వ తేదీన సైన్యాధిపతులు రాజ్యమును హరించిరి. 1983 వఱకు సాగిన వారి పాలనలో జనులను రాత్రివేళ ఎత్తుకొనిపోయి, హింసించి, చంపి, శవమును సైతము చూపకుండిరి. పిమ్మట ప్రజాప్రభుత్వము నియమించిన సంఘము 1984లో ‘ఇక నెన్నడును వలదు’ అను పేర ప్రకటించిన నివేదికలో 8,960 మంది అదృశ్యులైరని లెక్క తేల్చెను. మానవహక్కుల సంఘములవారు ముప్పదివేలందురు. రాజ్యమే హంతకులకు జీతమిచ్చు కాలమున ఒక్క మొరాలెస్ చట్టమును తన చేతిలోనికి తీసికొనుట యేమి వింత? మొదట చట్టమును నేలపాలు చేసినది ప్రభుత్వము. నేలబడియున్నదానిని అతడు ఎత్తుకొనెను.

అయినను అతనికి దక్కినదేమి? మన భారతకథలో, నిద్రించుచున్న ఉపపాండవులను చంపిన అశ్వత్థామను పాండవులు వధింపలేదు. శిరోమణిని గైకొని విడిచిరి. పలుకరించు దిక్కు లేక మూడువేలేండ్లు ఒంటరిగా తిరుగుమని కృష్ణుడు శపించెను. మొరాలెస్ విధించినది అట్టి శిక్షయే. కాని శపించిన కృష్ణుడు అశ్వత్థామ వెంబడి కావలి తిరుగలేదు. మొరాలెస్ తిరిగెను. ఖైదీకి వేళకు కూడు పెట్టవలెను గాన, తాను ఊరు విడువరాదు. రహస్యము బయటపడరాదు గాన, ఇంటికి చుట్టమును రానీయరాదు. ఊచల కీవల నున్నవాడును ఆవల నున్నవాడును ఒక్కనాడే ముసలివారైరి. యావజ్జీవశిక్ష యిరువురకును పడినది. మొరాలెస్ మరణదండనము కోరలేదు. నొప్పి లేక నిద్రించినట్లు పోవుట హంతకునకు సుఖమే యని యతని మతము. దీర్ఘాయువును, ఏమియు లేని దీర్ఘాయువును కోరెను. ఆ వరము తనకును సిద్ధించునని ఊహింపలేదు.

“మఱి అతడేమి చేయవలసినది?” అని చదువరులు మమ్ము నిలదీయుదురు. న్యాయమైన ప్రశ్నయే. గోమెస్‌ను విడిచిన ప్రభుత్వమున కర్జీ పెట్టుకొనుమని మేము చెప్పజాలము. చెప్పినచో అది వెక్కిరింత యగును. అందుచేత మేము మొరాలెస్‌ను బోనులో నిలబెట్టుటకు రాలేదు. మేమడుగునది అతని నుద్దేశించి కాదు, చప్పట్లు చరచు మన నుద్దేశించి. అతనికి దారి లేదు. దారి యున్నవారు గూడ అతని దారినే పొగడుట యేల?

దారి లేనిచోట దారి వేసికొనినవారు ఆ దేశముననే కలరు. 1977 ఏప్రిలు 30వ తేదీన పదునలుగురు తల్లులు, మా బిడ్డలేరని యడుగుచు బ్యూనస్ ఐరీస్‌లోని మాయో కూడలిలో నిలిచిరి. పిమ్మట ప్రతి గురువారమును, తలపై తెల్లగుడ్డ గట్టుకొని, ఆ కూడలిలో ప్రదక్షిణము చేసిరి. వారిలో అగ్రగణ్యురాలగు అసుసేనా వియాఫ్లోర్‌ను ఆ సంవత్సరము డిసెంబరులోనే సైనికులెత్తుకొనిపోయి చంపిరి. మిగిలినవారు ఇండ్లకు పోలేదు; తుపాకియు పట్టలేదు. వారు కోరినవి రెండే: విచారణయు, శిక్షయు. విచారణ ముందు, శిక్ష వెనుక.

1985లో తొమ్మండ్రు సైన్యాధిపతులను సామాన్య న్యాయస్థానమున విచారించిరి. ఎనిమిదివందలకు పైగా సాక్షులు చెప్పిరి. విదేలాకును మస్సెరాకును యావజ్జీవశిక్ష పడెను, మఱి ముగ్గురకు తక్కువ శిక్షలు, నలుగురు విడుదలైరి. సాక్ష్యము చాలనివారిని విడుచుట యనునదే దీనిని పగనుండి వేఱుచేయును. తరువాత ప్రభుత్వము వెనుదిరిగెను. 1986, 1987 సంవత్సరముల చట్టములు మిగిలిన విచారణలను ఆపివేసెను. 1990లో విదేలా మొదలగువారికి క్షమాభిక్ష లభించెను. చిత్రములోని 1999 ఆ చీకటిలోనిదే. హంతకులు బజారున బాహాటముగా తిరిగిన కాలమది. మొరాలెస్ చెఱను చూచి ప్రేక్షకులు నిట్టూర్చినది ఊరక కాదు.

తల్లులు మాత్రము గురువారములను మానలేదు. 2003లో శాసనసభ ఆ చట్టములను రద్దు చేసెను. 2005లో అత్యున్నత న్యాయస్థానము అవి రాజ్యాంగవిరుద్ధములని తీర్పు చెప్పెను. విచారణలు మఱల మొదలయ్యెను. నాటినుండి వేయికి మించినవారు శిక్షితులైరి. విదేలా 2010లో తిరిగి యావజ్జీవశిక్ష పొంది, 2013లో చెఱసాలయందే మరణించెను. ప్రభుత్వపు చెఱసాలలో, పేరును నంబరును గల ఖైదీగా, తీర్పు నకలు అందఱును చదువ వీలైన రీతిని. మొరాలెస్ తన చెఱలో సాధించినది ఇద్దరికి దప్ప మూడవవానికి తెలియదు. తల్లులు సాధించినది ఒక జాతికి పాఠమైనది. ఇందొక విశేషము గలదు. ఎస్పోసితో పాత్రను ధరించిన రికార్దో దరీన్ యను నటుడే, 2022లో వెలువడిన ‘అర్హెంతీనా, 1985’ అను చిత్రమున, సైన్యాధిపతులపై వాదించిన ప్రాసిక్యూటరు హూలియో స్త్రాసెరాగా నటించెను. ఈ రెండు చిత్రములును ఒకదాని వెంట నొకటి చూడవలసినవని మా సలహా. మొదటిది ప్రశ్న, రెండవది సమాధానము.

దూరదేశపు కథ మనకేల యనువారికి మన ముంగిటనే జరిగినదానిని జ్ఞాపకము చేయుదుము. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక యువతి మానభంగము గావింపబడి హతురాలయ్యెను. డిసెంబరు 6వ తేదీ తెల్లవాఱుజామున నలుగురు ముద్దాయిలు పోలీసుల చేతులలో నుండగనే కాల్చబడి మరణించిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి, మిఠాయిలు పంచిరి. చదువుకొనినవారును హర్షించిరి. సుప్రీముకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమీషను, చంపవలెనను ఉద్దేశముతోనే వారిపై కాల్పులు జరిపిరని తన నివేదికలో తేల్చెను. అది 2022లో బహిర్గతమయ్యెను. నాడు చల్లిన పూలు అప్పటికే వాడిపోయెను.

ఆ నలుగురును నిరపరాధులని మేము చెప్పుట లేదు. అపరాధులనియు చెప్పజాలము. చెప్పగలిగినది న్యాయస్థానమొక్కటియే, దానిని చెప్పనీయలేదు. ఇందువలన ఆ యభాగ్యురాలికే అన్యాయము జరిగినది. ఆమెకేమి జరిగెనో, ఎవరివలన జరిగెనో, సాక్ష్యముతో నిరూపితమై తీర్పుపుటలలో శాశ్వతముగా వ్రాయబడుటకు ఆమెకు హక్కు గలదు. తుపాకి ఆ పుటను చింపివేసినది.

జనులు పూలు చల్లుటకు గారణమును మేమెఱుగుదుము. ఏండ్ల తరబడి వాయిదాలు, సాక్షులు చెదరిపోవుట, హతుల తలిదండ్రులు కోర్టు వసారాలలో ముసలివారగుట. మా వృత్తివారి దోషము ఇందు కొంత గలదని తల వంచి ఒప్పుకొనుచున్నాము. రైలుస్టేషనులో కూర్చుండిన మొరాలెస్ వంటివారు మన ప్రతి పట్టణపు కోర్టు ఆవరణలోను చెట్లక్రింద కూర్చుండియున్నారు. వారికి న్యాయము వేళకు అందింపక, పగ తప్పని యుపన్యసించుట మోసము. న్యాయాధిపతుల ఖాళీలను నింపుడు, దర్యాప్తును శాస్త్రీయముగా చేయుడు, సాక్షులకు రక్షణ కల్పింపుడు, దినదిన విచారణ నడుపుడని యడుగుట మన పని. “కాల్చివేయుడు” అని కేకవేయుట సులభము. దానికి పట్టుదల యక్కఱలేదు. గురువారము వెంబడి గురువారము కూడలిలో నిలుచుటకు కావలెను.

భాగవతకథలో, బంధింపబడి తన యెదుటికి తేబడిన అశ్వత్థామను చూచి, తనవలె వీని తల్లియు పుత్రశోకమున కుములరాదని ద్రౌపది విడిపించెను. అంతటి క్షమను మేమెవ్వరిని అడుగజాలము; మాకే అది లేదు. తెల్లగుడ్డ తలకు గట్టిన తల్లులును క్షమింపలేదు. వారు శిక్షనే కోరిరి. అందఱి యెదుట, వెలుతురులో, ముద్దాయికి మాటాడు నవకాశమిచ్చిన పిమ్మట పడు శిక్షను కోరిరి. మనము అడుగదగినది అదియే.

పఠనమందిరముల మిత్రులు ఈ చిత్రమును చూచి చర్చింతురు గాక. చూచునప్పుడు కడపటి చెఱవద్ద చప్పట్లకు చేతులు లేచినచో, ఒక్క నిమిషము ఆపి, మొదటి చెఱలో దెబ్బలు తిని మూలబడిన ఆ యిద్దరు కూలీలను తలంచుకొందురు గాక.